చప్టా మీద స్థలం

“మబ్బు కొండ మీదనే నిలబడుకోనుండాది మే. పొద్దున్నుంచి కదల్లేదు. పసుపు ఎత్తేద్దాం పా.”

“నిలబడుకోనీ. నువ్వు గూడా పోయి చప్టా మీద నిలబడుకో. ఈ తూరి స్థలం పోయిందంటే ఇంటికి రావాకు.”

“సరే, రాన్లే.”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, వాకిట్లో. ఆయన నవ్వుతూనే అన్నాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, నీళ్ల సీసా పట్టుకుని వంక దిక్కు పోయాడు. నేను కంచాలు ఎత్తి కడగడానికి కూర్చున్నాను. మళ్లీ ఆయన్ని ప్రాణంతో చూడలేదు.

ఈ మాటలు మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకున్నా బాగుండేది, వీటికి బదులు వేరే మాటలు చెప్పాను. ఊరంతా వాటినే నమ్మింది. ఇప్పుడు మా ఆడబిడ్డ కూతురు ఎదురుగా కూర్చుని రాస్తోంది. నంద్యాలలో బడిపిల్లలకు పాఠాలు చెప్పే పిల్ల, చెయ్యి బాగా ఆడుతుంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. అందుకని నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నా మాట మోటుగా ఉంటే నున్నగా చేసి రాసుకోమన్నాను. నేను చేసినదాన్ని మాత్రం నున్నగా చేయవద్దన్నాను.

మా ఊరు రుద్రవరం అవతల, నల్లమల అడుగున ఉంటుంది. ఊరికీ పొలాలకూ మధ్య కొండ మీది నుంచి దిగే వంక ఒకటి. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుక, గొర్రెల అడుగులు, కంపచెట్లు తప్ప ఇంకేమీ ఉండవు. దాని మీద వంతెన లేదు, చప్టా ఉంది. వంక అడుగుకు ఆనించి పరిచిన సిమెంటు దారిని మేం చప్టా అంటాం. కింద నాలుగు తూములు పెట్టారు. నీళ్లు తక్కువ వస్తే తూముల్లోంచి పోతాయి, ఎక్కువ వస్తే చప్టా మీదుగానే పొర్లిపోతాయి. వానాకాలంలో అది దారి. ఎండాకాలంలో మాకు అదే కళ్లం.

ఆ సిమెంటు విలువ పసుపు పండించేవాళ్లకు తెలుస్తుంది. తవ్విన కొమ్ముల్ని ఉడకేసి పదిహేను రోజుల దాకా ఎండలో పరచాలి. మట్టి మీద పరిస్తే కింది నుంచి తేమ పట్టి రంగు చస్తుంది. సిమెంటు మీదైతే పైనుంచి ఎండ, కింది నుంచి సెగ. బాగా ఎండిన కొమ్ము విరిస్తే టక్కున పలుకుతుంది. అందుకే ఎండలు ముదిరాయంటే చప్టా మీద చోటు కోసం ఊరంతా పోటీ. ఒక అంచున బైకులూ ట్రాక్టర్లూ పోయేందుకు దారి వదిలి, మిగతాదంతా పంచుకుంటారు. సున్నం పూసిన రాళ్లు నాలుగు మూలలా పెట్టుకుంటే ఆ స్థలం నీది. సరుకు పరిచి ఉన్నంత కాలమే నీది. ఎత్తేశావంటే వదిలేసినట్టే. ఆ పూటే ఇంకొకరు వాళ్ల రాళ్లు పెట్టుకోవచ్చు. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఇంటిపన్ను ఎగ్గొట్టేవాళ్లు కూడా మా ఊళ్లో ఈ కట్టుబాటు తప్పరు.

అన్నిటికంటే మంచి చోటు నడిమిది. రెండు కొసల్లోనూ గట్టు మీది కానుగ చెట్ల నీడ పొద్దు వాలగానే పడుతుంది. నడిమిన మాత్రం పొద్దు పొడిచిన దగ్గర నుంచి కుంకేదాకా ఎండే. పెళ్లయిన కొత్తలో మాకు కొసల్లో కూడా సరిగా చోటు దొరికేది కాదు. దొరికినా మా ఆయన నిలుపుకునేవాడు కాదు.

“అన్నా, రొంత జరుగుతావా? మా జొన్నలు ఒక మూట మిగిలిపోయినాయి” అని ఎవరు అడిగినా, “దానికేముండాది, పరుచుకోప్పా” అని మా పసుపును కాలితో పక్కకు నెట్టేవాడు. అలా జరిగి జరిగి ఒక ఏడు మా పసుపు చప్టా దిగి ఇసుకలో పడింది. నేను ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తేసి కొట్లాడాను.

“నీది గాదా ఆ చోటు? నీకు నోరు లేదా?”

“వాళ్లదీ పంటే గదా మే. మనకు రెండు దినాలు ఎక్కువ పడ్తాది, అంతే.”

మాకు పిల్లలు లేరు. ఎవరి కోసం ఇంత కొట్లాట అని ఆయన ఎన్నడూ అనలేదు. నేనే అనుకునేదాన్ని, అనుకున్న కొద్దీ ఇంకా కొట్లాడేదాన్ని. తర్వాత రాళ్లు పెట్టే పని నా చేతిలోకి తీసుకున్నాను. పక్షులు లేవకముందే తట్టలో రాళ్లు మోసుకుపోయి నడిమిన పెట్టి, వాటి మధ్య కూర్చుని తెల్లవార్చిన ఏడు ఉంది. ఆ నడిమి చోటు నాకు దొరికిన రోజు, చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టినంత గొప్పగా అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ నిజం అది.

ఆయన పోయిన దానికి ముందటేడు ఒకటి జరిగింది. అది చెప్పకపోతే నా మాటలకు అర్థం ఉండదు.

ఆ ఏడు కూడా ఎండాకాలమే, మధ్యాహ్నం పూట. కొండ మీద ఒక మబ్బు నల్లగా లేచి నిలబడింది. మా మామ, అంటే ఆయన నాయన, వయసులో నల్లమలలో గొర్రెలు మేపిన మనిషి. పరిగెత్తే మబ్బు అయితే నాలుగు చినుకులు రాల్చి పోతుందనీ, ఎండాకాలంలో కదలకుండా కూర్చున్న మబ్బు మాత్రం ఉన్నదంతా ఒకే చోట కుమ్మరిస్తుందనీ, అది కొండ మీద కుమ్మరిస్తే మనకు చుక్క పడకుండానే వంక వస్తుందనీ కొడుక్కి చెప్పి పోయాడు. మా ఆయన ఆ మాట మరవలేదు. ఆ రోజు మబ్బును చూసి భయపడి పసుపంతా సంచులకు ఎత్తించాడు. పక్కన పరిచినవాళ్లను కూడా కేకేసి లేపాడు. ఇద్దరు ముగ్గురు ఆయన మాట మీద ఎత్తారు గూడా.

గంట చూశాం, రెండు గంటలు చూశాం. గాలి మళ్లి మబ్బు విడిపోయింది. వంకలో ఇసుక ఇసుకలాగే ఉంది. ఈలోగా మా పక్కింటి ఆమె మేము ఖాళీ చేసిన నడిమిన తన రాళ్లు పెట్టి మొక్కజొన్నలు పరిచేసింది. కట్టుబాటు ప్రకారం తప్పేమీ లేదు. సగం ఎండిన పసుపును మేము ఇంటి ముందు మట్టిలో ఎండబెట్టుకున్నాం. అది చచ్చిన రంగుకు తిరిగింది. అంగట్లో వ్యాపారి ఒక కొమ్ము విరిచి, మా సంచిని పక్కకు జరిపాడు.

దానికంటే నన్ను కోసింది బోరింగు కాడి ఆడవాళ్ల మాటలు.

“ఏమొదినా, మీ ఇంట్లో టీవీ దేనికి? వాన సుద్దులు అన్ననే చెప్తాడు గదా.”

“రేపు మా గుడ్డలు ఉతకాల. అన్నని అడిగిరాపోమ్మా, ఉతకమంటాడో వద్దంటాడో.”

ఆయనకు మబ్బన్న అని పేరు పెట్టారు. ఆయన దానికి కూడా నవ్వేవాడు, పిలిస్తే పలికేవాడు. నేను మాత్రం ఆ ఏడంతా ఆ మాటను మింగలేకపోయాను. మళ్లీ రాళ్లు పెట్టే కాలం వచ్చేసరికి నాలో ఒకటే పట్టు. నడిమి చోటు తీసుకుంటాను, ఈసారి దేవుడు దిగొచ్చి చెప్పినా ఎత్తను.

తీసుకున్నాను. పసుపు పరిచి ఎనిమిదో రోజు. పొద్దున ఇద్దరం చప్టా మీదే ఉన్నాం. కాళ్లతో కొమ్ముల్ని అటూ ఇటూ తిరగేస్తున్నాం. కాళ్లు మడమల దాకా పచ్చగా అయ్యాయి. ఊరి మీద ఎండ మండిపోతోంది. కొండ మీద మాత్రం మబ్బు లేచింది. చిన్నగా ఉన్నప్పుడే ఆయన చూశాడు.  మాటిమాటికీ పని ఆపి తూర్పుకు తిరగడం నేను గమనించాను.

“ఏందీ చూస్తాండావ్?”

“ఏం లేదులే.”

మధ్యలో ఆయన ఫోను మోగింది. మెసేజి. ఇద్దరికీ చదవడం రాదు. రీఛార్జి చేసుకోమనేదై ఉంటుందని నేనే తీసి సంచిలో వేశాను. తర్వాత ఆళ్లగడ్డ ఆసుపత్రి వరండాలో, ఇప్పుడు రాస్తున్న ఈ పిల్లే ఆ ఫోను తెరిచి చూసి ఏడ్చింది. ఉరుములు, మెరుపులు, పెద్దవాన పడవచ్చు, జాగ్రత్త అని ఉందట. చదువు లేకపోవడం వల్లే పోయాడని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. మెసేజి చదవడం రాకపోయినా ఆయనకు మబ్బు చదవడం వచ్చు. ఆ మెసేజిలో ఉన్నదే అన్నం తిన్నాక వాకిట్లో నిలబడి నాతో చెప్పాడు. దానికి నేను ఏమన్నానో పైన రాయించాను.

ఆయన పోయాక గిన్నెలు కడిగాను. గడపలో చాప వేసుకుని పడుకున్నాను. కొండ మీద ఉరుములు వినపడుతూనే ఉన్నాయి, బండి మీద డ్రమ్ములు దొర్లినట్టు. అవి ఆగి ఆగి ఒకే దిక్కు నుంచి వస్తున్నాయి. దగ్గరకు రావడం లేదు. దగ్గరకు రావడం లేదు గదా అని నిద్రపోయాను. నిద్ర బాగా పట్టింది. ఇది కూడా రాయి తల్లీ, బాగా పట్టింది.

వీధిలో కాళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. “వంక వచ్చింది, వంక వచ్చింది” అంటున్నారు. తీగ మీద ఆరేసిన నా చీర ఎండిపోయి పెళపెళలాడుతోంది. వాకిట్లో ఒక్క చుక్క పడలేదు. ఆకాశం మా నెత్తి మీద శుభ్రంగా ఉంది. నేను పరుగెత్తుతూ కూడా పసుపు గురించే అనుకున్నాను. గట్టు ఎక్కేదాకా అదే అనుకున్నాను.

గట్టు మీద నుంచి చూస్తే చప్టా లేదు. ఆ గట్టుకూ ఈ గట్టుకూ మధ్య ఎర్రనీళ్లు, వాటి మీద కంపలూ ఎండుటాకులూ నురుగూ. చప్టా ఉన్న చోట నీళ్లు ఒక్కసారి ఎత్తుగా లేచి పడుతున్నాయి, దాన్ని బట్టి కింద సిమెంటు ఉందని తెలుస్తోంది. అటు పొలాల గట్టు మీద కొందరు, ఇటు కొందరు. అందరూ కిందికి, నీళ్లు పోయే దిక్కు చూస్తున్నారు. మా పక్కింటి ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

ఆమె చెప్పిందే నాకు తెలుసు. ఆమె తన మొక్కజొన్నలు కొసన పరుచుకుని ఉంది. మొదట తూముల్లో నీళ్ల చప్పుడు వచ్చింది. అందరూ గబగబా ఎత్తుకున్నారు. కంపలు కొట్టుకొచ్చి తూములకు అడ్డం పడ్డాయి. నీళ్లు చీలమండల దాకా చప్టా మీదికి ఎక్కాయి. కొసల్లో ఉన్నవాళ్లు నాలుగు అడుగుల్లో గట్టు ఎక్కారు. మా ఆయన నడిమిన ఉన్నాడు. రెండు సంచులు ఎత్తి గట్టుకు చేర్చి, మళ్లీ నడిమికి పోయాడు. మూడో సంచికి గంపతో ఎత్తుతుండగా పైనుంచి ఒకటే ఊపు వచ్చింది. నడుము దాకా వచ్చిందట. ఆయన ఈ గట్టు వైపు చూశాడట. అంతే.

తెల్లారి రెండు మైళ్ల దిగువన కంపచెట్లలో దొరికాడు. ఆళ్లగడ్డ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అప్పటికి నంద్యాల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. తల్లి చిన్నప్పుడే పోతే ఆమెను చంకనేసుకుని పెంచింది మా ఆయనే. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. రెవెన్యూ ఆయన కాగితాలు పట్టుకుని, ఎట్లా జరిగిందో చెప్పమ్మా అని అడుగుతున్నాడు. మా ఊరివాళ్లు ఏడెనిమిది మంది చుట్టూ ఉన్నారు. పక్కింటి ఆమె కూడా ఉంది.

ఆడబిడ్డ నా మొహం పట్టుకుని తిప్పింది.

“యాల పోయినాడొదినా? మబ్బంటే అంత భయపడే మనిషి, ఆడికి యాల పోయినాడు?”

ఆ ఒక్క క్షణంలో చెప్పి ఉంటే సరిపోయేది. నేనే పంపినా అనే మాట నోటి దాకా వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. రాలేదు. అందరూ నన్నే చూస్తుంటే నాకు భయం ఒక్కటే కలిగింది.

“నేను వద్దన్యా మే. వినల్యా. పసుపు పోతాదని పరిగెత్తినాడు” అన్నాను.

రెవెన్యూ ఆయన రాసుకున్నాడు. ఆడబిడ్డ చేతులు నా మొహం మీద నుంచి జారిపోయాయి. పక్కింటి ఆమె నా వైపు చూసి, తల వంచుకుని నేల మీద ఏదో ఏరుతున్నట్టు కూర్చుంది.

అబద్ధం ఒకసారి చెప్పి ఊరుకోలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే అడిగేవాళ్లు, నేను అదే చెప్పేదాన్ని. చెప్పిన కొద్దీ అది పెరిగింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడన్నాను. ఒక పెద్దావిడతో కాళ్లు పట్టుకున్నానని కూడా చెప్పాను. ఆవిడ నన్ను దగ్గరకు తీసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే, అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సమాధి రోజు మా చర్చి అయ్యగారు వాక్యం చెబుతూ, ఈ లోకపు వస్తువుల మీద ఆశ మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో చూడండి అన్నారు. ఆయన తప్పు లేదు, నేను చెప్పినదే ఆయన చెవిన పడింది. చర్చి నిండా జనం. జొన్నల మూటకు చోటిచ్చి తన పసుపును ఇసుకలోకి నెట్టుకున్న మనిషి శవపెట్టె ముందర పెట్టి, ఆశపోతు అని చెబుతున్నారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను. ఆయన పోయిన రోజుకంటే ఆ పూట తలుచుకుంటేనే నాకు ఒళ్లు చచ్చిపోతుంది.

మూడో నాడు పక్కింటి ఆమె గిన్నెలో చారన్నం తెచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. గిన్నె నా ముందు పెట్టి మెల్లగా అంది.

“వదినా, అన్న చప్టా మీద నాతో ఒక మాట అన్న్యాడు. అది నా కాడనే ఉంటాది. ఎవరికీ చెప్పన్లే.”

నేను తెలియనట్టు మొహం పెట్టి, “ఏం మాట?” అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. “తినొదినా, చల్లారిపోతాది” అని లేచి వెళ్లిపోయింది.

అంత మేలు చేసిన మనిషికి నేనేం చేశానంటే, ఆమె మొహం చూడలేక ఆమె వాకిలి తొక్కడం మానేశాను. ఎవరో ఎందుకని అడిగితే, “ఆ పొద్దు గట్టిగా పిలిచింటే వచ్చేవాడేమోలే” అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడే ఉంటుంది. ఆమె నోరు విప్పలేదు. ఆ ఏడు నుంచి ఎవరూ నడిమిన ఏమీ పరచడం లేదని విన్నాను, ఆమె కూడా.

ఆరు నెలలకు ఆడబిడ్డ వచ్చి నన్ను నంద్యాల తెచ్చుకుంది. “ఒక్కదానివి ఆడ ఏం చేస్తావొదినా? మా అన్న ఆలోచన చేయకుండా పోయినాడు, నిన్ను గూడా వదిలిపెడ్తామా?” అంది. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. ఈ ఇంట్లో తింటున్నాను, ఈ మంచం మీద పడుకుంటున్నాను. కూర ముందు నాకే వడ్డిస్తుంది. అన్న ఫోటో మాత్రం గోడకు పెట్టలేదు. మొదటేడు పెట్టమని నేనే అడిగాను. “పెట్టను. పసుపు కంటే తక్కువైపోయినాం గదా ఆయప్పకి, ఉండనీలే” అంది.  అంతగా ప్రేమించిన అన్న మీద ఆమె మనసు విరగ్గొట్టింది నేను, ఆ విరిగిన మనసుతోనే నాకు అన్నం పెడుతోంది.

ఇట్లాగే గడిచిపోయేదేమో. ఈ ఎండల్లోనే, నిన్న నంద్యాల మీద కూడా ఒక మబ్బు అట్లాగే కదలకుండా నిలబడింది. సాయంత్రం నాలుగింటి నుంచి కుమ్మరిస్తూనే ఉంది. కాలువ పొంగి మా వీధిలోకి వచ్చింది. మోకాళ్ల ఎత్తు నీళ్లు, బురద, చెప్పులు, కూరగాయల బుట్టలు తేలుతున్నాయి. ఈ పిల్ల స్కూటీ వీధి మొదట్లో ఆపి ఉంది. అది పడిపోయి నీళ్లలో కదులుతోంది. పిల్ల చీర ఎగదోపుకుని మెట్లు దిగబోయింది. వాళ్లమ్మ వెనక నుంచి జబ్బ పట్టుకుని లాగింది. ఆమె అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

“పోనీ దాన్ని. వస్తువు మీద ఆశపడి మీ మామ మాదిరి చస్తావా?”

పిల్ల ఆగిపోయింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మీ మామ మాదిరి. ఆ ఇంట్లో ఆశకు ఆయన పేరు గుర్తయిపోయింది. రేపు ఈ పిల్లకు పిల్లలు పుడితే వాళ్లకు కూడా తాత ఒక ఆశపోతు అనే తెలుస్తుంది. నేను చచ్చిపోతే ఇక చెప్పేవాళ్లు ఉండరు, పక్కింటి ఆమె ఒక్కతి తప్ప. ఆమె మాట ఇచ్చింది, చెప్పదు.

ఆ రాత్రంతా నిద్ర లేదు. తెల్లారాక ఆడబిడ్డ వాకిట్లో నిలిచిన నీళ్లు తోడిపోస్తుంటే, ఈ పిల్లను పిలిచి మా ఊరికి ఫోను కలిపించుకున్నాను. పక్కింటి ఆమె గొంతు మూడేళ్ల తర్వాత విన్నాను.

“ఎవరూ?”

“నేనేమ్మా, మీ వదినను.”

 “బాగుండావా వదినా? నంద్యాలలో వాన గట్టిగా పడిందంట గదా” అంది. నేను క్షమించమని అడగాలనుకుని ఫోను చేశాను. నోట్లోంచి వచ్చింది వేరు.

“ఆ పొద్దు ఆయన నీతో ఏమన్న్యాడు?”

“ఇప్పుడేలొదినా అది?”

“చెప్పు. వినాల నేను.”

చెప్పింది. తూముల్లో నీళ్ల చప్పుడు రాగానే ఆమె కొసన నిలబడి కేకేసిందట. “అన్నా, ఎత్తుకోని వచ్చేయప్పా. నీ స్థలంలో నేను రాళ్లు పెట్టన్లే, నా బిడ్డ మీద ఒట్టు” అని. ఆయన గంపతో నిలబడి నవ్వాడట. “నువ్వు పెట్టవులేమ్మా, నాకు తెలుసు. మీ వదినకు తెలీదు గదా. స్థలం పోతే ఇంటికి రావాకన్నింది” అన్నాడట. మళ్లీ వంగి ఎత్తుకున్నాడట.

ముందటేడు ఆ చోటు తీసుకున్న మనిషే ఆ రోజు వదిలేస్తానని ఒట్టేసింది. ఆయన ఆమెను నమ్మాడు. నేను ఎవరినీ నమ్మనని ఆయనకు తెలుసు, అందుకని అక్కడే నిలబడ్డాడు. పసుపు మీద ఆయనకు ఆశ లేదు. ఇంట్లో నాతో గొడవ వద్దనుకున్నాడు, అంతే.

ఫోను పెట్టేశాక ఈ పిల్ల నా మొహం చూసి, “ఏమైందత్తా?” అంది. కాగితాలు తెచ్చుకోమన్నాను. వాళ్లమ్మ నీళ్లు తోడటం అయ్యాక చర్చిలో ఆడవాళ్ల కూటానికి పోయింది, మధ్యాహ్నానికి గానీ రాదు. రాస్తూ రాస్తూ ఈ పిల్ల రెండుసార్లు పెన్ను కింద పెట్టింది. ఇందాక అడిగింది కూడా.

“అత్తా, ఇది అమ్మకు చూపియ్యాలనా?”

“చూపియ్యాలనే రాపిస్తాండా.”

“అమ్మ నిన్ను ఈడ ఉండనీకపోతే?”

“పోతా. ఆళ్లగడ్డకు బస్సులకేం కరువా?”

“నువ్వే నోటితో చెప్పొచ్చు గదా. కాగితం ఎందుకు?”

నోటితో చెబితే మధ్యలో ఆమె కళ్లు చూసి మళ్లీ అబద్ధం ఆడతాను. నా నోటి సంగతి నాకు తెలుసు. మూడేళ్లు చూశాను దాన్ని. కాగితం అయితే ఆడబిడ్డ ఒక్కతే కూర్చుని చదువుకుంటుంది. నన్ను తిట్టాలనిపిస్తే తిడుతుంది. పొమ్మంటే పోతాను, వద్దు వదినా అంటే ఉంటాను. ఏదైనా నా మీదనే పడాలి, ఆయన మీద పడింది చాలు. ఆ అన్న తనను పసుపు కంటే తక్కువగా చూడలేదని ఆమెకు తెలియాలి. మా ఊరి చర్చి అయ్యగారికి కూడా ఒక నకలు పంపమంటాను. పక్కింటి ఆమె గురించి నేను అన్న మాట కూడా అందులో ఉండాలి.

ఇంక చెప్పేది లేదు. కన్ను తుడుచుకుని మొదటి నుంచి చదువు తల్లీ. నిదానంగా చదువు, నేను వింటాను. ఎక్కడన్నా నన్ను మంచిదాన్ని చేసే మాట దూరి ఉంటే చెయ్యి ఎత్తుతాను, అక్కడ ఆపు, కొట్టేద్దాం. మీ అమ్మ వచ్చేలోపల చదువు.